చిన్న బజార్లో నెమలి గుర్తు

"వెన్నెల బతకదు," అన్నాడు సుశీల్ కుమార్, టీలో బిస్కెట్ ముంచుతూ.

అంత మాట అంటున్నప్పుడు కూడా ఆయన కళ్లు బిస్కెట్ మీదే ఉన్నాయి, ఎక్కడ విరిగి గ్లాసులో పడుతుందోనని. ఎదురుగా కూర్చున్న పెంచల్‌కి ఆ గ్లాసు లాక్కుని ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది. సీక్రెట్ సర్వీసులో చీఫ్ నెత్తిన టీ పోయడానికి రూల్స్ ఒప్పుకోవు. అందుకని పళ్లు బిగించి, "బ్రీఫింగ్ పూర్తి చేయండి సార్," అన్నాడు.

వెంకటాచలం దాటాక హైవే పక్కన మూతపడిన రైస్ మిల్లు అది. బయట తుప్పుపట్టిన గేటు, దాని నీడలో ఒక బక్క కుక్క. లోపల మాత్రం ఏసీ, గోడ నిండా స్క్రీన్లు, శాటిలైట్ ఫోన్లు. మధ్య స్క్రీన్ మీద ఒక తెల్లవాడి ఫోటో ఉంది. నెరిసిన గడ్డం, మెత్తటి నవ్వు, నార చొక్కా.

"డెస్మండ్. మైపాడు దగ్గర రొయ్యల మేత కంపెనీకి కన్సల్టెంట్ అని వీసా తీసుకున్నాడు. అసలు పని మన రాకెట్ డిజైన్లు కొని విదేశాలకి అమ్మడం. వాడి ముఠాలో రెండేళ్లుగా మన మనిషి ఉన్న సంగతి నీకు తెలుసు."

తెలియకేం? ఆ మనిషే వెన్నెల. సూళ్లూరుపేట పిల్ల. డెస్మండ్‌కి సెక్రటరీ, ఇంటర్‌ప్రెటర్. పట్టు చీరలు, నల్ల కళ్లద్దాలు, ఆమె వెళ్లిపోయాక కూడా గదిలో మిగిలే సెంటు వాసన. డెస్మండ్ లెక్కలో ఆమె వాడి ఏజెంట్. నిజానికి ఆమె వాడికి చేరవేసిన ప్రతి డిజైనూ పెంచల్ టేబుల్ మీద తప్పుగా గీసిందే. వాడు కోట్లు పోసి కొన్న రాకెట్లు ఎగరవు. ఎగిరినా తిన్నగా సముద్రంలోకి దూకుతాయి. ఆ తప్పుల వెనక రోజూ ప్రాణం పణంగా పెట్టింది ఆ అమ్మాయి.

"మన ఆఫీసులోనే ఒక ద్రోహి తయారయ్యాడు," సుశీల్ కుమార్ కొనసాగించాడు. "వెన్నెల నీకు రిపోర్టు ఇస్తుంటే చాటుగా వీడియో తీశాడు. దాన్ని మైక్రో చిప్‌లో ఎక్కించి డెస్మండ్‌కి అమ్మాడు. నిన్న పట్టుకున్నాం. నెల్లూరు చిన్న బజార్లో దాచానన్నాడు. ఏ కొట్లో అని అడిగేలోపే నాలుక కింద దాచుకున్న విషం మాత్ర కొరికి చచ్చాడు. వాడి ఫోన్లో డెస్మండ్‌కి పంపిన మెసేజ్ ఒకటి దొరికింది. సగమే డీకోడ్ అయింది. 'సాయంత్రం చిన్న బజారు. నెమలి గుర్తు అడుగు.' అంతే."

"నెమలి గుర్తు ఏంది సార్? అగ్గిపెట్టా, అగరొత్తులా?"

"అది కనుక్కోవడం నీ పని కాదు. చూడటమే నీ పని. తన ముఠాలో ద్రోహి ఎవరో ఆ చిప్ చెబుతుందని డెస్మండ్‌కి తెలుసు. ఎవర్నీ నమ్మడు కాబట్టి తనే వస్తాడు. చిప్ తీసుకోనీ. ఫోన్లో పెట్టుకుని చూడనీ. అప్పుడు మన టీమ్ మైపాడులో చుట్టుముడుతుంది. చేతిలో సాక్ష్యం లేకుండా పట్టుకుంటే వీసా చూపించి విమానం ఎక్కేస్తాడు."

"వాడు వీడియో చూసినాక, మన టీమ్ వచ్చే లోపల, వెన్నెల వాడి పక్కనే ఉంటాది గదా సార్?"

"ఉంటుంది. అందుకే మొదట్లోనే చెప్పాను."

"ఆమెకి ఒక్క మాట చేరేద్దాం."

"నిన్నటి నుంచి ముఠాలో అందరి ఫోన్లూ వాడి దగ్గరే ఉన్నాయి. దారి ఉన్నా వద్దు. ఆమె పారిపోతే వాడూ పారిపోతాడు. ఆపరేషన్ అన్నాక కొన్ని నష్టాలుంటాయి పెంచల్. చూడు, ముట్టుకోకు. ఇది ఆర్డర్."

"అట్నే సార్," అన్నాడు పెంచల్.

నెల్లూరు మనిషి తల వంచుకుని "అట్నే" అంటే ఒప్పుకున్నాడని ఢిల్లీలో ఎక్కువ కాలం ఉన్నవాళ్లే అనుకుంటారు.

*

ఆ మధ్యాహ్నం చిన్న బజార్లో కొత్తగా ఒక గొడుగులు బాగుచేసేవాడు వెలిశాడు. మాసిన లుంగీ, అతికించిన గడ్డం, చెవిలో హియరింగ్ ఎయిడ్. ఆ హియరింగ్ ఎయిడ్‌లోంచి చీఫ్ గొంతు వస్తుంది. చొక్కా రెండో గుండీ కెమెరా. ఒళ్లో ఉన్న నల్ల గొడుగు టెక్నికల్ సెక్షన్ వారి సరికొత్త ఆయుధం. పిడి నొక్కితే మొనలోంచి కరెంటు కొట్టి ఎంత మనిషినైనా కూలదోస్తుంది. ఒక్కటే జాగ్రత్త, తడి తగలకూడదు. గొడుగుకి తడి తగలకూడదట! దాన్ని కనిపెట్టిన మహానుభావుడు కనబడితే కాళ్లకి దణ్ణం పెట్టాలి.

అంతకుముందు పెంచల్ బజారంతా ఒకసారి చుట్టి వచ్చాడు. చూడటమే పని అని చీఫ్ అంటే అనొచ్చుగాక, చిప్ తన చేతికే ముందు చిక్కితే వెన్నెల బతుకుతుంది. నెమలి గుర్తు అగరొత్తులు విప్పి చూశాడు. నెమలి గుర్తు కర్పూరం నలిపి చూశాడు. నెమలి గుర్తు తాళంకప్పలు, నెమలి గుర్తు పప్పుల చిక్కీ, నెమలి గుర్తు నీలిమందు. ఈ దేశంలో వ్యాపారం చేసేవాళ్లకి ఇంకో పక్షే దొరకలేదా అని విసుక్కున్నాడు. ఎక్కడా ఏమీ లేదు.

చివరికి మసీదు సందు మొదట్లో, ఒక టైలరింగ్ సామాన్ల కొట్టు ఎదురుగా గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. దారపు రీళ్లు, గుండీలు, జిప్పులు, లేసులు నేల నుంచి కప్పు దాకా పేర్చిన ఇరుకు కొట్టు అది. దాని యజమానురాలు షాజాదీ బేగం అరవై దాటిన మనిషి. కళ్లకి సుర్మా, బుగ్గన తాంబూలం, ఒళ్లో లేసులు కొలిచే గజం బద్ద. ఆ బద్దతో ఆమె లేసు కొలిచేది తక్కువ, బేరమాడేవాళ్లని బెదిరించేది ఎక్కువ.

"ఏం అబ్బయ్యా," అంది పెంచల్‌ని చూసి, "ఎండలో మాడిపోతా ఒళ్లో గొడుగు పెట్టుకోనుండావే. అది ఎవురికి పట్టే దానికి?"

"గిరాకీది బేగం గారూ. వాడితే ఊరుకోరు."

"బాగుండాది నీ యాపారం," అని ఒక గ్లాసు మజ్జిగ పంపింది.

సందులో జనం పెరిగారు. ఇత్తడి కొట్ల చప్పుడు, గాజుల గలగల, డబ్బులు ముట్టాయని అరిచే క్యూఆర్ పెట్టెలు, జనం మధ్యలోంచి హారన్ కొట్టుకుంటూ దూరే స్కూటర్లు. పొద్దు వాలుతుండగా ట్రంకు రోడ్డు వైపు నుంచి వాళ్లిద్దరూ వచ్చారు.

డెస్మండ్ అచ్చం టూరిస్టు. గడ్డి టోపీ, మెడలో కెమెరా, భుజానికి కెమెరా సంచి. ఆ సంచి బరువు చూడగానే పెంచల్‌కి అందులో ఉన్నది లెన్స్ కాదని తెలిసిపోయింది. పక్కన వెన్నెల. నెమలికంఠం రంగు పట్టుచీర, హైహీల్స్, కళ్లద్దాలు. బజారులో సగం మంది చేస్తున్న పని ఆపి ఆమెనే చూశారు. డెస్మండ్ ఆమె మోచెయ్యి పట్టుకునే నడుస్తున్నాడు. ప్రేమగా పట్టుకున్నట్టు లేదు ఆ పట్టు.

పెంచల్ గొడుగుని తలకిందులుగా నిలబెట్టాడు. అది వాళ్లిద్దరి పాత సైగ. నీ గుట్టు తెలిసిపోతోంది, తప్పించుకో అని అర్థం.

"ఏంటది? ఏం చేస్తున్నావ్?" చెవిలో చీఫ్.

"గొడుగు ఆరబెడతా ఉండాను సార్."

"అది తడవనే కూడదు కదయ్యా!"

వెన్నెల గొడుగుని చూసింది. పెంచల్‌ని చూసింది. కళ్లద్దాలు సర్దుకుంటూ చిన్నగా తల ఊపింది. అంటే ఆమెకి ముందే తెలుసు! ద్రోహి ఎవరో ఈ సాయంత్రం తేలుతుందని డెస్మండ్ కారులోనే గొప్పలు పోయి ఉంటాడు. మరి ఈ పిల్ల పారిపోదేం? ఇంత జనంలో చెయ్యి విదిలించుకుని ఏ సందులో దూరినా వాడికి దొరకదు.

పారిపోకపోగా ఆమె బజారు చూపించడం మొదలుపెట్టింది. గాజుల కొట్టు ముందు ఆగి చేతికి గాజులు వేయించుకుంది. బాగాలేవని తీయించుకుంది. ఇత్తడి కొట్లో బిందె తర్వాత బిందె వేలితో మీటి, మోత ఎలా వినాలో డెస్మండ్‌కి పాఠం చెప్పింది. అత్తరు కొట్లో సీసా తర్వాత సీసా మణికట్టుకి రాయించుకుని, వాడి ముక్కు దగ్గర పెట్టింది. వాడికి తుమ్ములు వచ్చాయి. మలై కాజా తినిపించింది. చేతులు జిగురయ్యాయని నీళ్లు తెప్పించింది.

"ఇక చాలు," అన్నాడు డెస్మండ్ ఇంగ్లీషులో. పెంచల్ చెవిలోని యంత్రానికి ప్రతి మాటా అందుతోంది.

"మీరే కదా టూరిస్టులా కనబడాలన్నారు?" వెన్నెల నవ్వింది. "పాత బజారుకి వచ్చిన టూరిస్టు తిన్నగా ఒక్క కొట్టుకే వెళ్తే ఎవరికైనా అనుమానం రాదా?"

పొద్దు గుంకింది, మసీదులో మగ్రిబ్ అజాన్ వినబడింది. ఇత్తడి కొట్టు శెట్టి కర్పూరం వెలిగించి గల్లాపెట్టెకి చూపించాడు. బేగం కొట్టు ముందు నీళ్లు చిలకరించింది. ఆ నీళ్లలో సగం పెంచల్ గొడుగు మీద పడ్డాయి. తర్వాత ఆమె లైట్లు వేసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, కొట్లో మూలమూలకీ పొగ పట్టించి గద్దె మీద కూర్చుంది. అప్పుడు వచ్చింది వెన్నెల ఆ కొట్టు ముందుకి.

"బేగం గారూ, నెమలి గుర్తు సూదులు ఒక ప్యాకెట్ ఇస్తారా?"

బేగం ఆమెని ఎగాదిగా చూసింది.

"ఏందమ్మా, చూస్తే మన పిల్లలాగుండావు. దీపాలు పెట్టినాక సూది అడగతా ఉండావేంది?"

పెంచల్‌కి అప్పుడు వెలిగింది. ఒక్కసారిగా నవ్వొచ్చి, పక్కనున్న చిరుగుల గొడుగు గుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. దీపాలు పెట్టాక ఈ ప్రాంతంలో ఏ కొట్టువాడూ సూది అమ్మడు. అమ్మితే లక్ష్మి ఆ సూదితో పాటే గడప దాటుతుందని పట్టింపు. గిరాకీలు కూడా అడగరు, అడిగితే తిట్టించుకుంటారు. సూళ్లూరుపేటలో పుట్టిన పిల్లకి అది తెలియకుండా ఉంటుందా? గాజులు, బిందెలు, అత్తర్లు, కాజాలు! అదంతా పొద్దు పోగొట్టడానికి. వాడు ఆమె మోచెయ్యి పట్టుకుని తిప్పుతున్నాననుకున్నాడు. ఆమె వాడిని దీపాల వేళ దాకా తిప్పింది.

"ఏమంటోంది?" డెస్మండ్ అడిగాడు.

"ఈ వేళప్పుడు సూది అమ్మరట. పొద్దున్నే రమ్మంటోంది."

"రేటు పెంచుతోందా?" వాడు జేబులోంచి నోట్ల కట్ట తీసి గద్దె మీద పడేశాడు.

బేగం గజం బద్ద కొసతో ఆ కట్టని నెట్టింది. అది కిందపడింది.

"ఎత్తుకోమను. షాజాదీ బేగం కొట్లో డబ్బులు ఇసిరి పారేసేవాళ్లకి పొద్దున కూడా సూది ఇయ్యను."

డెస్మండ్ ఈ బజారు మీద నెలల తరబడి స్టడీ చేయించాడు. ఏ సందు ఎటు తేలుతుంది, పోలీసు కెమెరాలు ఎక్కడున్నాయి, జనం ఎప్పుడు కిక్కిరిసి ఉంటారు, అన్నీ కనుక్కున్నాడు. ఎవరూ అడగని పాత రకం సూదుల ప్యాకెట్ ఈ కొట్లో ఒకటే మిగిలిందని కూడా వాడికి కబురు అందింది. అది ఎప్పుడు అమ్మరో అడగాలని మాత్రం ఆ మేధావికి తట్టలేదు.

"పెంచల్!" చెవిలో చీఫ్ అరిచాడు. "చిప్ ఆ ప్యాకెట్‌లో ఉంది. లే. ఐడీ చూపించి ఆ ముసలమ్మ చేత ఇప్పించు. అది డెస్మండ్ చేతికి చేరాలి. ఆర్డర్!"

పెంచల్ లేచాడు. నల్ల గొడుగు అందుకుని కొట్టు మెట్టెక్కాడు. వెన్నెల అతని వైపు తిరిగింది. ఆమె బతుకు ఇప్పుడు ఈ గడ్డం మనిషి నోట్లోంచి వచ్చే మాట మీద ఆధారపడి ఉందని ఆమెకి తెలుసు.

"బేగం గారూ, నేను గవర్నమెంటు మనిషిని."

"అయితే ఏంది? కలెక్టరొచ్చి అడిగినా ఇయ్యను."

"ఇయ్యమని చెప్పే దానికి రాలా. ఇయ్యొద్దని చెప్పే దానికొచ్చినా. పైనుంచి ఎవురు చెప్పినా సరే, ఆ ప్యాకెట్ ఇయ్యబాకండి."

చెవిలో చీఫ్ గొంతు ఈలలా మోగింది. పెంచల్ హియరింగ్ ఎయిడ్ పీకి జేబులో వేసుకున్నాడు. ఎన్నాళ్లకో చెవి చల్లబడింది.

డెస్మండ్‌కి తెలుగు రాదు. మనుషులు నిలబడిన తీరు మాత్రం చదవగలడు. కెమెరా సంచి జిప్పు లాగాడు. నల్లటి పిస్టల్ బయటికొచ్చి బేగం నుదుటికి ఎదురుగా నిలిచింది. సందులో ఎవరో కెవ్వుమన్నారు. జనం వెనక్కి తగ్గారు, కానీ పోలేదు.

"సూదులు," అన్నాడు డెస్మండ్. అంతసేపూ వింటూ ఆ ఒక్క మాటా నేర్చుకున్నాడు.

బేగం పిస్టల్ వైపు చూసింది. తాంబూలం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చింది.

"తుపాకీ చూపిస్తే ఇస్తాననుకుంటివా? మా మామ కాలం నించి ఈ కొట్టు నడస్తా ఉండాది. పెన్నకి వరదొచ్చినా, తుఫాన్‌కి కప్పు లేచిపోయినా, దీపం ఎలిగినాక ఈ గడప దాటి సూది పోలా. నీ కోసరం పోద్దా? కాల్చుకో. నేను మాత్రం ఇయ్యను."

"పారిపో!" వెన్నెల పేరు పలక్కుండా పెంచల్ గట్టిగా అన్నాడు.

దారి తెరిచే ఉంది. డెస్మండ్ ఆమె మోచెయ్యి వదిలేశాడు. ఒక్క అంగలో జనంలో కలిసిపోవచ్చు. వెన్నెల కళ్లద్దాలు తీసి పారేసింది.

"పోను," అంది. "నేను ఆడిన ఆటకి ఈమె ప్రాణం పోతుందా? ఛీ, అలా బతకడం నాకొద్దు." ఆ మాట అంటూ వెళ్లి గద్దె పక్కనే నిలబడింది.

డెస్మండ్ ఒక్క గెంతులో గద్దె ఎక్కాడు. పిస్టల్ బేగం మీదే ఉంచి, ఎడం చేత్తో సూదుల అర లాగి బోర్లించాడు. రకరకాల ప్యాకెట్లు చెల్లాచెదురయ్యాయి. వాటి మధ్య వెలిసిపోయిన నీలి కాగితం, దాని మీద పురి విప్పిన నెమలి. పళ్లతో చింపాడు. గోరంత చిప్ అరచేతిలో రాలింది. దాన్ని ఫోన్లో దూర్చాడు.

పెంచల్ గొడుగు మొన వాడి తొడకి ఆనించి పిడి నొక్కాడు. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కాడు. చిన్న చిటపట, కాస్త పొగ. బేగం చిలకరించిన నీళ్లు! టెక్నికల్ సెక్షన్‌ని మనసులో బండబూతులు తిట్టాడు.

ఫోన్ తెర మీద వీడియో కదిలింది. ఒక టేబుల్. అవతల గడ్డం లేని పెంచల్. డెస్మండ్ తెర చూశాడు, తల తిప్పి గొడుగువాడిని చూశాడు, నవ్వాడు. మళ్లీ తెర వైపు తిరిగాడు. వీడియోలో పెంచల్‌కి ఎదురుగా ఒక ఆడమనిషి వీపు. వదులుగా వేసుకున్న జడ. ఆమె తల మెల్లగా కెమెరా వైపు తిరుగుతోంది. చెవి కమ్మ కనబడింది. చెంప అంచు కనబడింది. డెస్మండ్ ఆత్రంగా ముందుకు వంగాడు. పిస్టల్ కాస్త పక్కకి జరిగింది.

ఆ కాస్త చాలు. గజం బద్ద గాల్లో లేచి వాడి ఎడం మణికట్టు మీద ఫెడీమని పడింది. ఫోన్ ఎగిరి మెట్టు మీద పడింది. వీడియోలో ముఖం పూర్తిగా తిరిగే లోపలే వెన్నెల హైహీల్ దాని మీద దిగింది. ఒకసారి కాదు, రెండేళ్ల కసి తీరేదాకా దిగింది. పిస్టల్ పేలింది. గుండు లేసుల బండిల్లో దిగబడింది. పెంచల్ గొడుగు పిడి వంకీని వాడి మెడకి తగిలించి సందులోకి లాగాడు.

తర్వాత పని చిన్న బజారు చూసుకుంది. బేగం మీద తుపాకీ ఎత్తినవాడిని ఇత్తడి కొట్టు శెట్టి బిందెతో పలకరించాడు. గాజులాయన, అత్తరాయన, కాజాలాయన, పేరు తెలియని ఒకావిడ చేతిసంచీతో, వరసగా వచ్చి తలా ఒక చెయ్యి వేశారు. పోలీసులు వచ్చేసరికి డెస్మండే వాళ్ల జీపు ఎక్కించమని బతిమాలుతున్నాడు. చిప్ పొడైపోతేనేం? నిండు బజార్లో తుపాకీ పేల్చిన విదేశీయుడిని ఇక ఏ వీసా కాపాడుతుంది? సాక్షులకి కొదవ లేదు, బజారంతా సాక్షే.

"అల్లా దయ," అంది బేగం చిందరవందరైన అర చూసి. "అన్నీ ఏరండి ఇద్దరూ. ఒక్క సూది కూడా బయటికి పోకూడదు."

ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని ఏరుతుండగా పెంచల్ జేబులోంచి గొంతు సన్నగా వినబడింది. హియరింగ్ ఎయిడ్ తీసి చెవిలో పెట్టుకున్నాడు.

"నీ ఉద్యోగం ఊడింది!" సుశీల్ కుమార్ మండిపడుతున్నాడు. "నా ఆర్డర్ ధిక్కరించావు! ప్లాన్ మొత్తం నాశనం చేశావు!"

"అవును సార్. ధిక్కరించినా. మళ్లీ ఇట్టాంటి ఆర్డరేస్తే మళ్లీ ధిక్కరిస్తా."

వెన్నెల చెయ్యి చాపింది. అతని చెవిలోది తీసి, చీర కొంగుతో తుడిచి, తన చెవిలో పెట్టుకుంది.

"సార్, నేను వెన్నెలని. మీ ప్లాన్ ప్రకారం ఈపాటికి చచ్చిపోయి ఉండాలి. బతికే ఉన్నాను. ఇప్పుడు నన్నేం చేయమంటారో చెప్పండి."

అవతల నుంచి టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు. ఆ తర్వాత ఒక దగ్గు. ఆ తర్వాత ఏదో మాట.

"ఏమన్నారు?" పెంచల్ అడిగాడు.

"వెరీ గుడ్ అన్నారు," అంది వెన్నెల, హియరింగ్ ఎయిడ్ తీసి అతని చేతిలో పెడుతూ. "ఎవరి గురించో మాత్రం చెప్పలేదు."